ఆర్థర్ కొలువులో నల్లని వీరుడు: పురాగాథల సినిమాల్లో పాత్రధారుల ఎంపిక ఎందుకు వివాదమవుతోంది

క్లుప్తంగా: పాత గాథలను ఇంటిల్లిపాదీ చూసే ఫాంటసీ సినిమాలుగా తీసిన ప్రతిసారీ ఒక ప్రశ్న వస్తోంది. ఈ పాత్రకు ఈ నటి ఏమిటి, మూలకథలో ఇలా ఉందా అని. గాథల చరిత్ర చూస్తే ఒకే మూలం ఉన్నవి చాలా తక్కువ. ప్రేక్షకులు కాపాడుకోవాలనుకునే ‘అసలు కథ’ చాలాసార్లు చిన్నప్పుడు చూసిన సినిమాయే. ముఖం మారినప్పుడు దానికి తగ్గట్టు కథ కూడా కదిలిందా, ఆ గాథను తమదిగా భావించేవారి మాట నిర్మాణంలో చెల్లిందా అన్న రెండు విషయాల మీదే ఫలితం ఎక్కువగా ఆధారపడుతోంది.

## కాంక్రీటు స్తంభంలో కత్తి

2019లో విడుదలైన ‘ద కిడ్ హూ వుడ్ బి కింగ్’ అనే బ్రిటిష్ సినిమాలో పన్నెండేళ్ళ అలెక్స్ తనను తరుముతున్న పిల్లల నుంచి తప్పించుకుంటూ, కట్టడం పని జరుగుతున్న ఒక స్థలంలోకి వెళ్ళి పడతాడు. అక్కడ కాంక్రీటు స్తంభంలో దిగబడి ఉన్న కత్తిని పైకి లాగుతాడు. అది బ్రిటిష్ పురాగాథల్లోని ఆర్థర్ రాజు కత్తి. దాన్ని రాతిలోంచి లాగినవాడే రాజని గాథ. ఆ తర్వాత అతని పక్కన చేరే ముగ్గురు పిల్లలు బెడర్స్, లాన్స్, కే. ఆర్థర్ గాథతో పరిచయం ఉన్నవారికి ఈ పేర్లు వినగానే బెడివేర్, లాన్సలాట్, కే అనే ముగ్గురు వీరులు గుర్తుకు వస్తారు. దర్శకుడు జో కార్నిష్ బెడర్స్ పాత్రను తెల్లజాతివాడు కాని డీన్ చౌమూ అనే బాలుడికి ఇచ్చాడు. గాథలో మగవాడైన కే ఈ సినిమాలో ఆడపిల్ల.

ఈ ఎంపిక పైపైన అద్దిన రంగు కాదని కథ నడక చూస్తే తెలుస్తుంది. తనను వదిలి వెళ్ళిపోయిన తండ్రి ఆర్థర్ వంశం వాడేనని అలెక్స్ గట్టిగా నమ్ముతాడు. తండ్రి ఇచ్చాడనుకున్న పుస్తకమే అతనికి ఆధారం. తీరా చూస్తే ఆ పుస్తకంలో రాసినది తల్లి చేతిరాత. వంశమూ లేదు, వారసత్వమూ లేదు. రాజు కావడానికి రక్తసంబంధం అక్కర్లేదని కథే తేల్చి చెబుతున్నప్పుడు, రాజు స్నేహితుల రంగు ఎలా ఉండాలన్న అభ్యంతరం నిలవడానికి ఆ కథలో చోటే మిగలదు. పాత్రధారుల ఎంపికా కథాంశమూ ఇంత దగ్గరగా ముడిపడిన సినిమాలు తక్కువ. అయినా ఈ సినిమా ఆర్థికంగా నష్టపోయింది. దాదాపు 5.9 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచమంతా కలిపి వచ్చిన వసూళ్ళు సుమారు 3.2 కోట్లు. విమర్శకులు మెచ్చుకున్నా పెద్ద తారలు లేని, ఒక్క దేశపు గాథ చుట్టూ తిరిగే పిల్లల సినిమా థియేటర్లో నిలబడడం కష్టమైంది. ఎంపిక బాగుంటే వసూళ్ళు వాటంతట అవే వస్తాయని గానీ, వసూళ్ళు రాలేదు కాబట్టి ఎంపికే తప్పని గానీ అనుకోవడానికి వీల్లేదని ఈ ఒక్క ఉదాహరణ చాలు.

## ఒక్కో తరం ఒక్కో చేర్పు

‘ఆర్థర్ కథలో నల్లవాళ్ళు ఎక్కడున్నారు’ అనే ప్రశ్నకు ముందు అడగవలసినది, ఏ ఆర్థర్ కథ అని. తొమ్మిదో శతాబ్దపు లాటిన్ గ్రంథం ఒకదానిలో ఆర్థర్ పన్నెండు యుద్ధాలు చేసిన సేనానాయకుడు మాత్రమే. అతను పోరాడినది శాక్సన్ల మీద. అంటే నేటి ఇంగ్లీషువారు తమ పూర్వీకులుగా చెప్పుకునేవారి మీదే. ఇంగ్లండుకు ఆదర్శప్రభువుగా కొలువైన రాజు మొదట ఆ జాతికి శత్రువు, వెల్ష్ జనుల పూర్వీకుల పక్షాన నిలిచిన వీరుడు. 1136 ప్రాంతంలో మాన్మత్ నివాసి జెఫ్రీ అతనికి రాజవంశాన్నీ దిగ్విజయాలనూ కట్టబెట్టాడు. 1155లో వాస్ అనే కవి ఆర్థర్ వీరులు చుట్టూ కూర్చునే గుండ్రని బల్లను తెచ్చాడు. లాన్సలాట్ ఫ్రెంచి కవి క్రెతియాఁ ద త్రువా కలం నుంచి వచ్చినవాడు, అదీ పన్నెండో శతాబ్దం చివర్లో. రాతిలో కత్తి 1200 ప్రాంతంలో రొబేర్ ద బొరోన్ కావ్యంలో కనిపిస్తుంది. వీటన్నిటినీ కలిపి ఇంగ్లండు రచయిత మాలరీ ఇంగ్లీషులో చెప్పిన కథ అచ్చయింది 1485లో.

ఈ గాథలో అందరికీ బాగా గుర్తున్న మూడు విషయాలు, అంటే కత్తి, బల్ల, లాన్సలాట్, తర్వాతివాళ్ళు చేర్చినవే. ఇది తెలుగువారికి వింతగా తోచే సంగతి కాదు. అభిమన్యుడు శశిరేఖను పెళ్ళాడిన కథ వ్యాసభారతంలో లేదు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చూసిన తెలుగు ప్రేక్షకుడికి మాత్రం ఘటోత్కచుడు అంటే ముందు గుర్తొచ్చేది ఆ పెళ్ళే.

రంగు సంగతికి వస్తే, పదమూడో శతాబ్దపు డచ్చి గాథ ఒకదానికి నాయకుడు మోరియన్. ఇతని తండ్రి ఆర్థర్ కొలువులోని అగ్లోవాల్, తల్లి మూర్ దేశపు, అంటే ఆఫ్రికా వైపు, రాజకుమారి. తన తల్లిని పెళ్ళాడతానని మాటిచ్చి తిరిగి రాని తండ్రిని వెతుక్కుంటూ వస్తాడు. ముఖమూ కవచమూ కాకి నలుపు. దారిలో నది దాటాల్సి వచ్చినప్పుడు పడవవాళ్ళు అతని రూపం చూసి భయపడి పారిపోతారు. నల్లగా ఉంటే మాత్రం అతనిలో తక్కువేమిటని కవి సూటిగానే అడుగుతాడు. ఈ ఘట్టం గమనించదగినది. నల్లని వీరుడు ఆ కథలో ఊరికే ఉండడు, అతని రంగు చూసి ఇతరులు ఎలా ప్రవర్తించారో కూడా కథ చెబుతుంది. ఇప్పటి సినీ పరిశ్రమ భాషలో చెప్పాలంటే ఇది రంగును పట్టించుకోని ఎంపిక కాదు, రంగును ఎరిగి చేసిన ఎంపిక.

అదే శతాబ్దం మొదట్లో జర్మన్ కవి వోల్ఫ్రామ్ రాసిన ‘పార్త్సిఫాల్’ కావ్యంలో నాయకుడి సవతి అన్న ఫైరెఫిజ్. తల్లి నల్లజాతి రాణి, తండ్రి తెల్లవాడు కాబట్టి కవి అతని ఒంటికి నలుపు తెలుపు మచ్చలు పెట్టాడు. జన్యుశాస్త్రం తెలియని కాలపు అమాయకమైన ఊహ అది. అయినా చివరి పోరులో ఫైరెఫిజ్ ఓడిపోడు. పార్త్సిఫాల్ కత్తి విరిగిపోయినప్పుడు ఆయుధం లేనివాడితో పోరాడనని తన కత్తిని పక్కన పారేస్తాడు. ఇక ఫ్రెంచి, ఇంగ్లీషు కథల్లో పలమీడీజ్ అనే అరబ్బు వీరుడు గుండ్రని బల్ల దగ్గర కూర్చున్నవాడే. ఇదే కాలంలో, 1240 ప్రాంతంలో, జర్మనీలోని మాగ్డెబర్గ్ చర్చిలో సెయింట్ మారిస్ అనే క్రైస్తవ వీరసాధువు శిల్పాన్ని ఆఫ్రికన్ ముఖకవళికలతో, గొలుసు కవచంతో చెక్కారు. మధ్యయుగపు యూరపు నల్లవారిని సమానంగా చూసిందని దీని అర్థం కాదు. ఆ కావ్యాల్లోనే మతద్వేషం పుష్కలంగా ఉంది. కానీ నల్లని వీరుడు అనే ఊహ ఈ నాటి సినిమావాళ్ళు పుట్టించినది కాదు.

మరి వీళ్ళంతా జ్ఞాపకంలోంచి ఎలా జారిపోయారు? నేడు అందరి మనసుల్లో ఉన్న ఆర్థర్ ఎక్కువ భాగం పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు తయారుచేసుకున్నవాడు. ఇంగ్లీషు కవి టెనిసన్ కావ్యాలు, ఆ కాలపు తైలవర్ణచిత్రాలు, ఆ తర్వాతి పిల్లల బొమ్మల పుస్తకాలు మాలరీ నుంచి ఏరి కొన్ని పాత్రలనే నిలబెట్టాయి. సామ్రాజ్యం తన ప్రతిబింబాన్ని చూసుకున్న అద్దం అది. డచ్చి, జర్మన్ శాఖలు ఆ అద్దంలో పడలేదు. ఇరవయ్యో శతాబ్దపు సినిమా ఆ చిత్రాలనే నమూనాగా తీసుకుంది.

## ‘అసలు’ అంటే ఏది?

2019లో ‘ద లిటిల్ మెర్మెయిడ్’ కొత్త సినిమాకు నల్లజాతి గాయని హాలీ బెయిలీని ఎంపిక చేసినట్టు ప్రకటించినప్పుడు ఎక్కువగా వినబడిన మాట, ‘మూలకథను మార్చకండి’ అని. నిజానికి ఇది జానపదుల నోటి గాథ కూడా కాదు, 1837లో డెన్మార్క్ రచయిత ఆండర్సన్ రాసిన కథ. అతను తన జలకన్య చర్మాన్ని గులాబీ రేకుతో, కళ్ళను లోతైన సముద్రంతో పోల్చాడు. ఆ వర్ణన ఉన్న మాట వాస్తవమే. అయితే అదే కథలో జలకన్యకు రాకుమారుడు దక్కడు. ఆమె నాలుక తెగుతుంది, వేసే ప్రతి అడుగూ కత్తి మీద నడిచినట్టు ఉంటుంది, చివరికి నురుగై కరిగి గాలిపుత్రికల్లో కలుస్తుంది. 1989 నాటి కార్టూన్ సినిమా ఈ ముగింపును తీసేసి పెళ్ళి పెట్టింది. కథకు ఆయువుపట్టు లాంటి ముగింపే మారినా, మూలకథను కాపాడాలన్న మాట ఇంత పెద్ద ఎత్తున వినపడలేదు.

కాబట్టి 2023లో విడుదలైన ఆ కొత్త సినిమాను చాలామంది పోల్చినది ఆండర్సన్‌తో కాదు, 1989 కార్టూన్‌తో. అంటే తమ చిన్ననాటితో. ఆ బాధను తేలిక చేయడం తగదు. పిల్లప్పుడు మనసులో పడిన ముఖం చెరిగిపోవడం ఎవరికైనా కష్టమే. తెలుగునాట ఎన్.టి.రామారావు ముఖం చూసి కృష్ణుణ్ణి ఊహించుకున్న తరానికి మరో కృష్ణుడు వెంటనే ఆనలేదు. కానీ ఆ బాధకు ‘మూలకథ’ అని పేరు పెట్టడం వల్ల చర్చ దారి తప్పుతోంది. ప్రామాణికత అనే మాట అడ్డుపెట్టుకుని, నల్లపిల్ల జలకన్య కావడమే ఇష్టం లేనివారి మాటలు కూడా అదే ప్రవాహంలో కొట్టుకువచ్చాయి. రెండింటినీ వేరు చేసి చూడడం అవసరం.

## అల్లావుద్దీన్: పేరు దక్కని కథకుడు

ముఖం ఎవరిదన్న ప్రశ్న వెనక కథ ఎవరిదన్న ప్రశ్న ఉంటుందని అల్లావుద్దీన్ చరిత్ర చెప్పినంత బాగా మరేదీ చెప్పదు. ‘వెయ్యిన్నొక్క రాత్రులు’ కథల పాత అరబ్బీ ప్రతుల్లో ఈ కథ లేదు. 1709లో పారిస్‌లో ఆంత్వాన్ గాలాఁ అనే ఫ్రెంచి పండితుడికి ఈ కథ చెప్పినవాడు అలెప్పో నగరం నుంచి వచ్చిన హన్నా దియాబ్ అనే యువకుడు. గాలాఁ తన దినచర్య పుస్తకంలో ఆ సంగతి రాసుకున్నాడు. అచ్చువేసిన పుస్తకంలో మాత్రం దియాబ్ పేరు లేదు. ఆ సిరియా యువకుడు ముసలితనంలో రాసుకున్న జ్ఞాపకాలు వాటికన్ గ్రంథాలయంలో పడి ఉండగా, 1993లో ఒక పరిశోధకుడు వాటిని గుర్తించాడు. అల్లావుద్దీన్ కథ జరిగిన చోటు చైనా అని పుస్తకం చెబుతుంది. పేర్లూ ఆచారాలూ మాత్రం ముస్లిం ప్రపంచానివి, మాంత్రికుడు వచ్చినది ఉత్తరాఫ్రికా నుంచి.

ఇంత కలగలిసిన కథకు ‘సరైన జాతి’ నటుణ్ణి నిర్ణయించడం ఎలా? ఒకప్పటి హాలీవుడ్ ఈ ప్రశ్న వేసుకోనే లేదు. ఇలాంటి అరేబియా కథల సినిమానే అయిన 1924 నాటి ‘ద థీఫ్ ఆఫ్ బాగ్దాద్’లో నాయకుడు డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్. 1940 నాటి రూపంలో మైసూరు ప్రాంతపు మావటివాడి కొడుకు సాబు దొంగపిల్లవాడిగా మెరిశాడు కానీ, దుష్టమంత్రి జాఫర్‌గా జర్మన్ నటుడు కాన్రాడ్ వైట్, రాకుమారిగా ఇంగ్లీషు నటి కనిపించారు. 1992 నాటి ‘అల్లాదీన్’ కార్టూన్ సినిమా పాటలో, ముఖం నచ్చకపోతే చెవులు కోసే దేశమని అరబ్బుల గురించి ఒక పాదం ఉండేది. అమెరికాలోని అరబ్బు సంఘం అభ్యంతరం చెప్పాక మరుసటి ఏడాది వీడియో విడుదలలో దాన్ని మార్చారు.

డిస్నీ సంస్థ 2019లో తీసిన సినిమాకు అల్లావుద్దీన్‌గా ఈజిప్టులో పుట్టి కెనడాలో పెరిగిన మేనా మసూద్, జాఫర్‌గా ట్యునీషియా మూలాలున్న మార్వాన్ కెన్జారి, సుల్తానుగా ఇరానియన్ నటుడు నవీద్ నెగహ్బాన్ వచ్చారు. జాస్మిన్‌గా నయోమీ స్కాట్ వచ్చింది. ఆమె తల్లి ఉగాండా నుంచి ఇంగ్లండుకు చేరిన గుజరాతీ కుటుంబానికి చెందినది. అరబ్బు అమ్మాయి పాత్రకు భారతీయ మూలాల నటి అయితే చాలా, ‘తూర్పు దేశాలవాళ్ళంతా ఒకటే’ అన్న పాత అలవాటు ఇదేనా అని అరబ్బు ప్రేక్షకులు కొందరు ప్రశ్నించారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. చిత్రీకరణలో కొందరు తెల్లజాతి స్టంట్ నటులకు, సహాయకులకు ముదురు రంగు పూసినట్టు 2018 జనవరిలో డిస్నీ సంస్థే ఒప్పుకుంది. తెరముందు మార్పు వచ్చినంత వేగంగా తెరవెనుక రాలేదన్నమాట. సినిమా 105 కోట్ల డాలర్లు వసూలు చేసింది. ఆ ఏడాది చివర మేనా మసూద్ చెప్పిన సంగతి మరీ ఆలోచింపజేసేది. ఆ విజయం తర్వాత తనకు ఒక్క ఆడిషన్ పిలుపూ రాలేదని అతను బయటపెట్టాడు. ఒక్క సినిమాలో కనిపించినంత మాత్రాన ఒక సమూహానికి పరిశ్రమలో దారి పడినట్టు కాదు.

ఇక్కడ తెలుగు పాఠకులకు ఒక సందేహం రావచ్చు. 1957లో తెలుగులో అక్కినేని నాగేశ్వరరావు అల్లావుద్దీన్‌గా నటించారు, అంజలీదేవి రాకుమారి. అది తప్పా? తేడా అధికారంలో ఉంది. తెలుగు సినిమాలో అల్లావుద్దీన్ వేషం తెలుగువాడు కట్టడం వల్ల అలెప్పో నటుడికి అందే అవకాశం ఏదీ పోలేదు, అరబ్బుల గురించి ప్రపంచం ఏమనుకోవాలో ఆ సినిమా నిర్ణయించలేదు. హాలీవుడ్ పెద్ద సినిమా వందకు పైగా దేశాల్లో ఆడుతుంది. తరతరాల పిల్లలకు అరబ్బు ముఖం, చైనా ముఖం ఎలా ఉంటాయో మొదట చూపించేది అదే. అలాంటి చోట అరబ్బు నటుడికి అరబ్బు వేషం కూడా దక్కకపోతే అతనికి మిగిలేది ఉగ్రవాది వేషమే. ప్రాతినిధ్యం గురించిన పట్టుదల ఈ అసమానత నుంచి పుట్టింది.

## మనుషులు సరే, ఇల్లు?

తండ్రికి బదులు మగవేషంలో యుద్ధానికి వెళ్ళిన చైనా యువతి ములాన్ కథను సజీవ నటులతో తీస్తున్నారని 2015లో తెలిసినప్పుడు తెల్లజాతి నటిని పెడతారేమోనన్న భయంతో లక్షమందికి పైగా ఒక విజ్ఞప్తిపై సంతకాలు చేశారు. ఆ భయం నిజం కాలేదు. 2020లో వచ్చిన సినిమాలో లియూ యిఫే, గాంగ్ లీ, డానీ యెన్, జెట్ లీ వంటివారే ఉన్నారు. పాత్రధారుల లెక్కలో చూస్తే తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు.

అయినా ఆ సినిమా చైనా ప్రేక్షకులకే నచ్చలేదు. కారణం తెలియాలంటే ములాన్ ఇంటిని చూడాలి. ములాన్ గీతం ఉత్తర చైనాది. సంచారజాతుల రాజులు ఏలిన కాలానిది. గీతంలో ప్రభువును ఒకచోట సంచారజాతుల బిరుదైన ‘ఖాన్’ అని, మరోచోట చైనా చక్రవర్తి బిరుదైన ‘స్వర్గపుత్రుడు’ అని పిలుస్తారు. ఆమె స్టెప్పీ గడ్డి మైదానాల అంచున, గుర్రాల సంతలకు దగ్గరగా బతికిన పిల్ల. సినిమాలో ఆమె కుటుంబం ఉన్నది పెద్ద వలయాకారపు మట్టికోట లాంటి ఇంట్లో. అది దక్షిణాన, సముద్రతీరపు ఫుజియాన్ రాష్ట్రంలో కొన్ని శతాబ్దాల తర్వాత కట్టిన ఇళ్ళ తీరు. రాజస్థాన్ ఎడారి కథలో కోనసీమ మండువా లోగిలిని పెట్టినట్టుంటుంది. దర్శకురాలు న్యూజిలాండ్ వ్యక్తి, స్క్రీన్‌ప్లే రాసిన నలుగురిలో చైనా మూలాలవారు ఒక్కరూ లేరు. అందరికీ కనిపించే ముఖాల దగ్గర జాగ్రత్త పడినవారు, ఎవరూ అడగరనుకున్న గోడల దగ్గర పడలేదు. కొంత భాగం షిన్‌జియాంగ్‌లో చిత్రీకరించి, ఉయ్‌గర్ ముస్లింల నిర్బంధంతో ముడిపడిన అక్కడి భద్రతా విభాగానికి సినిమా చివర కృతజ్ఞతలు తెలపడం ఇంకా తీవ్రమైన విమర్శకు దారితీసింది.

## మావి తల మీద జుట్టు

‘మోఆనా’ (2016) దీనికి ఎదురు ఉదాహరణ. పసిఫిక్ ద్వీపవాసుల గాథల ఆధారంగా తీసిన ఈ కార్టూన్ సినిమా కోసం అక్కడి మానవశాస్త్రవేత్తలు, నావికులు, నాట్యాచార్యులు, పచ్చబొట్టు కళాకారులతో ఒక సలహా బృందం ఏర్పడింది. దర్శకులు రాన్ క్లెమెంట్స్, జాన్ మస్కర్ ఇద్దరూ అమెరికన్లే. కానీ ఈసారి సలహా కాగితం మీద ఆగిపోలేదు. దేవతాంశ గల వీరుడు మావి మొదట బట్టతలతో ఉండేవాడు. తాహితీ సలహాదారులు జుట్టులోనే అతని శక్తి ఉందని చెప్పడంతో గుబురు జుట్టు వచ్చింది. మోఆనా కోపంతో కొబ్బరికాయలు విసిరే సన్నివేశం ఒకటి అనుకున్నారు. కొబ్బరికాయ పవిత్రమైనది, అలా విసరరు అన్నందుకు దాన్ని తీసేశారు. గుళ్ళో కొబ్బరికాయ కొట్టే చేతులకు ఆ అభ్యంతరం వెంటనే అర్థమవుతుంది. నాయిక గొంతు హవాయీ స్థానిక మూలాలున్న ఆవులీ క్రవాల్యోది. సినిమా వచ్చినప్పుడు ఆమెకు పదహారేళ్ళు. మావికి సమోవా మూలాలున్న డ్వేన్ జాన్సన్, నాయనమ్మకు మావోరి నటి రేచల్ హౌస్ గొంతు ఇచ్చారు. ఆ సినిమా తాహితీ, మావోరి, హవాయీ భాషల్లోకి వెళ్ళింది. తమ భాషలో ఇంత పెద్ద సినిమా వినడం అక్కడి పిల్లలకు అరుదైన సంగతి.

లోపాలు లేకపోలేదు. విడుదలకు ముందు పిల్లల కోసం అమ్మకానికి పెట్టిన మావి వేషం ముదురు చర్మంలా కుట్టి, దాని మీద పచ్చబొట్లు అచ్చేసిన దుస్తు. మరొకరి చర్మాన్ని తొడుక్కోమనడమేమిటని నిరసన వచ్చింది, 2016 సెప్టెంబరులో దాన్ని వెనక్కి తీసుకున్నారు. మావి పసిఫిక్ జనానికి పాత కథల్లో మిగిలిపోయిన పాత్ర కాదు. పూర్వీకుడుగా, నేటికీ నమ్మకంలో ఉన్నవాడుగా భావిస్తారు. హనుమంతుడి గురించి తెలుగిళ్ళలో ఉండే చనువూ భక్తీ కలిసిన భావం లాంటిదే అది. గాథల్లో మావి వెంట ఉండే హీనా అనే దేవత సినిమాలో కనిపించకపోవడాన్ని టోంగాకు చెందిన పండితులు ఎత్తి చూపారు. సలహా బృందం ఉన్నంత మాత్రాన అన్నీ సరిపోవు, కానీ ఏ తప్పు ఎక్కడ జరిగిందో చెప్పగలిగే మనుషులు గదిలో ఉంటారు.

## ఏడుగురు మరుగుజ్జుల చిక్కు

ప్రాతినిధ్యం అంటే రంగు ఒక్కటే అనుకోవడం పొరపాటు. ‘స్నో వైట్’ (2025) విషయంలో రెండు చిక్కులు ఒకేసారి వచ్చాయి. కొలంబియా మూలాలున్న తల్లికి పుట్టిన రేచల్ జెగ్లర్‌ను నాయికగా తీసుకున్నప్పుడు, ‘మంచులా తెల్లని చర్మం’ అనే, ఆ కథను గ్రంథస్థం చేసిన జర్మన్లు గ్రిమ్ సోదరుల మాటకు అర్థం చెప్పవలసి వచ్చింది. మంచుతుఫాను రాత్రి పుట్టింది కాబట్టి ఆ పేరని సినిమా సర్దుకుంది. అది వివరణే తప్ప, కథ ఆ మార్పుతో కొత్తగా ఎక్కడికీ వెళ్ళలేదు.

రెండోది ఇంకా జటిలం. నాయికకు ఆశ్రయమిచ్చే ఏడుగురు మరుగుజ్జుల పాత్రలు వెనకటి కాలపు హేళనను కొనసాగిస్తాయని 2022లో, తానూ మరుగుజ్జే అయిన నటుడు పీటర్ డింక్లేజ్ విమర్శించాడు. నిర్మాతలు ఆ పాత్రలను కంప్యూటర్ బొమ్మలుగా మార్చారు. దానితో తమకు దొరికే కొద్దిపాటి వేషాలు కూడా పోయాయని అదే శరీరస్థితి ఉన్న మరికొందరు నటులు బాధపడ్డారు. ఒక సమూహంలో గౌరవాన్ని ముందు కోరేవారు ఉంటారు, ఉపాధిని ముందు కోరేవారూ ఉంటారు. ఇద్దరి మాటా న్యాయమే. పాత్రలను మనుషులుగా రాసి, ఆ నటులకే ఇచ్చే మూడో దారి ఉండనే ఉంది. దానికి కథ మీద ఎక్కువ శ్రమ పెట్టాలి. కంప్యూటర్ బొమ్మ ఆ శ్రమను తప్పించింది.

## డబ్బు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

‘ఆస్కార్ నిబంధనల వల్లే ఇలా చేస్తున్నారు’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. సినిమాల్లో వెనకబడిన సమూహాలకు చోటు ఉండాలంటూ 2024 బహుమతుల నుంచి అమల్లోకి వచ్చిన ఆ ప్రమాణాలు ఉత్తమ చిత్రం విభాగానికే వర్తిస్తాయి. నాలుగు ప్రమాణాల్లో రెండు తీరితే చాలు. అవి సాంకేతిక నిపుణుల నియామకం ద్వారానో, శిక్షణ అవకాశాల ద్వారానో కూడా తీరవచ్చు. తెర మీద ఫలానా రంగు నటులే ఉండాలని అవి ఎక్కడా బలవంతపెట్టవు. పైగా పిల్లల ఫాంటసీలు ఆ బహుమతి కోసం తీసేవి కావు.

అసలు ఒత్తిడి మార్కెట్ నుంచి వస్తుంది, అదీ రెండు వైపులకూ లాగుతుంది. అమెరికాలో యువ ప్రేక్షకుల్లో తెల్లవారు కాని పిల్లల వాటా పెరిగింది. తమలాంటి ముఖాన్ని చూడాలన్న కోరికకు అక్కడ టికెట్ విలువ ఉంది. విదేశీ మార్కెట్లలో లెక్క వేరు. ‘ద లిటిల్ మెర్మెయిడ్’కు వచ్చిన సుమారు 57 కోట్ల డాలర్లలో సగానికి పైగా, అంటే దాదాపు 30 కోట్లు, ఉత్తర అమెరికా నుంచే వచ్చాయి. చైనాలో అది 40 లక్షల డాలర్లు కూడా దాటలేదు. ‘అల్లాదీన్’కు ఉత్తర అమెరికా వాటా మూడో వంతు మాత్రమే. ఈ తేడాలో జాతి వివక్షకు కొంత పాత్ర ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం. అయితే 2019కీ 2023కీ మధ్య కోవిడ్ వచ్చింది, చైనా ప్రేక్షకులు హాలీవుడ్ నుంచి స్వదేశీ సినిమాల వైపు మళ్ళారు, పాత కార్టూన్లను మళ్ళీ తీయడంపై మొహం మొత్తడమూ మొదలైంది. ఇన్ని కారణాల్లోంచి ఒక్క నటి రంగును వేరు చేసి తూచడం ఏ లెక్కకూ సాధ్యం కాదు. చేశామని చెప్పేవారు ముందే నిర్ణయించుకున్న తీర్పుకు అంకెలు వెతుక్కుంటున్నారు.

## తెలుగు తెర మీద ఇదే ప్రశ్న

ఇదంతా పరాయివాళ్ళ గొడవ అనుకోనక్కర్లేదు. ద్రౌపదికి ‘కృష్ణ’ అని పేరు. ఒంటి నలుపు వల్ల వచ్చిన పేరు అది. కృష్ణుడి మాట చెప్పనే అక్కర్లేదు. పోతన గోపికల నోట అతన్ని వర్ణించిన పద్యం మొదటి మాటే ‘నల్లనివాడు’. తెలుగు తెర మీద కృష్ణుడు నీలిరంగులోకి మారాడు, ద్రౌపది తెల్లగా తేలిపోయింది. గ్రంథం నలుపు అని స్పష్టంగా చెప్పిన చోట ఆ నలుపును తీసేసినప్పుడు మూలకథ గురించి ఎవరూ పట్టుబట్టలేదు. నీలిరంగుకు దైవత్వం అనే సమాధానం ఉంది. ద్రౌపది తెలుపుకు ఆ సమాధానం కూడా లేదు. నల్లని అమ్మాయి కథానాయిక కాలేదన్న నమ్మకం తప్ప అక్కడ మరో కారణం కనిపించదు. తెలుగు మాట్లాడే నల్లని నటికి పరిశ్రమలో ఎదురయ్యే అడ్డంకి, ఇంట్లో నల్లని ఆడపిల్ల చెవిన పడే మాటలు దీని నుంచి వేరు కావు.

అదే సమయంలో, వేషానికీ వేషధారికీ మధ్య దూరాన్ని హాయిగా ఒప్పుకున్న సంప్రదాయం కూడా తెలుగుదే. స్థానం నరసింహారావు సత్యభామ వేషం కట్టి ‘మీరజాలగలడా’ అని పాడితే ప్రేక్షకులు ఆయనలో భామనే చూశారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ భామాకలాపానికి పెట్టింది పేరు. 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’లో ప్రహ్లాదుడు రోజారమణి, అంటే ఒక చిన్నపాప. ఎస్.వి.రంగారావు హిరణ్యకశిపుడై గర్జిస్తుంటే ఎదురుగా చేతులు జోడించి నిలబడిన ఆ పిల్లవాడు ఆడపిల్ల అని గుర్తుచేసుకుని ఎవరూ నొచ్చుకోలేదు. 1997లో గుణశేఖర్ రామాయణం మొత్తాన్ని పిల్లలతోనే నడిపించినప్పుడు ప్రేక్షకులు రాముడి వయసును అడ్డం పెట్టుకోలేదు. వేషధారి ఎవరైనా పాత్ర నిలబడితే చాలన్న ఈ ఉదారత రంగు దగ్గరకు వచ్చేసరికి ఎందుకు ఆగిపోయిందన్నది తెలుగు సినిమా వేసుకోవలసిన ప్రశ్న.

విదేశీ గాథలు తెలుగు పిల్లలకు చేరే దారిలో మరో ఎంపిక కూడా జరుగుతుంది. 2019 అల్లావుద్దీన్ సినిమా తెలుగు రూపంలో జీనీకి వెంకటేశ్, నాయకుడికి వరుణ్ తేజ్ గొంతులిచ్చారు. అప్పటికి కొద్ది నెలల ముందే వాళ్ళిద్దరూ తోడల్లుళ్ళుగా నవ్వించిన సినిమా వచ్చి ఉంది. తెర మీద విల్ స్మిత్, చెవిలో వెంకటేశ్. ఈజిప్టు మూలాల ముఖానికి హైదరాబాదు గొంతు. ముఖం గురించిన చర్చ అమెరికాలో ఎంత వేడిగా సాగినా, తెలుగు పిల్లవాడికి ఆ పాత్ర దగ్గరైనది గొంతు ద్వారా. ప్రవాసంలో, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న తెలుగు పిల్లల సంగతి వేరు. వాళ్ళు ఇంగ్లీషులోనే చూస్తారు, బడిలో తమ రంగు గురించి వింటారు, గోధుమవన్నె జాస్మిన్‌లో తమను వెతుక్కుంటారు. ఆ పాత్ర గుజరాతీ మూలాల నటిది కావడం అరబ్బు ప్రేక్షకుడికి లోటుగా తోస్తే, అదే ఎంపిక వీళ్ళకు అనుకోకుండా దొరికిన అద్దం కావచ్చు.

## గొంతు నుంచి నిర్ణయం వరకు

‘మోఆనా’ను సజీవ నటులతో మళ్ళీ తీసి 2026 జులైలో విడుదల చేయాలని డిస్నీ నిర్ణయించింది. కార్టూన్‌లో నాయికకు గొంతు ఇచ్చిన ఆవులీ క్రవాల్యోకు ఆ పాత్ర చేసే వీలుండగా, 2023లో ఆమె దాన్ని వదులుకుంటున్నట్టు ప్రకటించింది. పసిఫిక్ ద్వీపాల నుంచి మరో అమ్మాయికి ఆ అవకాశం దక్కాలని కోరింది. సమోవా మూలాలున్న సిడ్నీ అమ్మాయి క్యాథరిన్ లగాఐయాకు ఆ పాత్ర దక్కింది. క్రవాల్యో ఆ సినిమా నుంచి తప్పుకోలేదు. కార్యనిర్వాహక నిర్మాతల్లో ఒకరుగా ఆమె పేరు ఉంది.